పీకేసిన వాల్వులు, మిగిలిన రేడియోలు

1. గిరాకీ ఒక వాల్వుకే, రేడియోకి మాత్రం అన్నీ కావాలి.

పాత ఏసీ సెట్టు వెనక అట్ట విప్పి చూడు నాయనా. స్టేషను పట్టేది ఈసీహెచ్81, స్పీకరు మోగించేది ఈఎల్84. ఆడియో పిచ్చివాళ్ళకి కావలసింది ఈ రెండోదే. స్టీరియో ఆంప్లిఫయరుకి జతలు జతలుగా కావాలి కనక, ములార్డు కంపెనీ పేరు కనబడితే చాలు, దాన్ని పీక్కుని తక్కిన చాసిస్‌ని తూకానికి అమ్మేస్తారు. మంచి ధర వచ్చిందని నేనూ నా డబ్బాలో ఉన్నవి ఇచ్చేశాను. తర్వాత ఓ పెద్దాయన తన పెళ్ళినాటి సెట్టు తెస్తే పెట్టడానికి ఒక్కటీ లేదు.

2. గాజు మీది పేరు చూసి డబ్బివ్వకు.

పేరు ఎవడైనా అచ్చువేస్తాడు. అప్పట్లో కంపెనీలే ఒకరి సరుకు మీద ఇంకొకరి పేరు వేసుకునేవి. ములార్డు అయితే అడుగున సన్నటి బూడిదరంగు కోడు చూడు. బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీదైతే ‘బి’ అక్షరం ఉంటుంది. టెలిఫంకెన్ ఈసీసీ83కి పిన్నుల నడుమ గాజులోనే డైమండు గుర్తు పోతపోసి ఉంటుంది.

3. వాల్వుకి ముందు కెపాసిటరు మార్చు.

ముందు వాల్వు ప్లేటు నుంచి ఈఎల్84 గ్రిడ్డుకి పాటని చేరవేసే చిన్న కాగితం కెపాసిటరు ఉంటుంది. ఏళ్ళు గడిచేసరికి అది లీకవుతుంది. పాటతోపాటు డీసీ కూడా గ్రిడ్డుకెక్కుతుంది. వాల్వు మోతాదుకు మించి కరెంటు లాగుతుంది, బూడిదరంగు ప్లేటు మధ్యలో ఎర్రగా కాగుతుంది. అలా కాగితే ఎంత ఖరీదైన వాల్వయినా ఎన్నాళ్ళో నిలవదు. సెట్టు తెచ్చినవాడి తొందర చూసి, కెపాసిటరు మార్చకముందే ప్లగ్గు పెట్టకు.

4. ఆడియోవాళ్ళని తిట్టిపోయకు.

నేను చాలాకాలం తిట్టాను. కానీ వాళ్ళూ, గిటారు వాయించేవాళ్ళూ కొంటున్నారు కాబట్టే స్లొవేకియాలో, రష్యాలో ఈఎల్84 ఇంకా తయారవుతోంది. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ వార్తలు వినడానికి ఆ కొత్తది చాలు. ములార్డుని అడిగినవాడికి అమ్ముకుని, ఆ డబ్బుతో కెపాసిటర్లు కొను. ఈసీహెచ్81కి ఆ భాగ్యం లేదు. ఆంప్లిఫయరులో దానికి చోటు లేదు, కాబట్టి చౌక. చౌక కాబట్టే చాసిస్‌తోపాటు చెత్తలోకి పోతోంది. ఎక్కడ పాడైన సెట్టు కనబడినా అడిగి తెచ్చుకుని ముందు దాన్ని, ఆ తర్వాత ఐఎఫ్ కాయిళ్ళని విప్పి దాచుకో.