పరీక్ష తేదీ దగ్గరపడితే మా వాడికి నిద్ర ఉండదు

ప్రశ్న: మాది సాలూరు. మా అబ్బాయికి 29 ఏళ్లు. సొంత లారీ, తనే నడుపుతాడు. మూడేళ్ల కిందట మెడ పక్కన గడ్డ కడితే హాడ్జ్‌కిన్ లింఫోమా, అదో రకం క్యాన్సర్ అన్నారు. విశాఖలో ఆరు నెలలు కీమో చేయించాం. ఆఖరి స్కాన్‌లో ఏమీ లేదని చెప్పి రెండేళ్లు దాటింది. మనిషి ఒళ్లు చేశాడు, జుట్టు వచ్చింది. కానీ చెకప్ ఇంకా పది రోజులుందనగానే మారిపోతాడు. కంచం ముందు కూర్చుని మెడ తడుముకుంటాడు. చిన్న దగ్గు వచ్చినా ఫోనులో వెతుకుతాడు. ఘాట్ ఎక్కే కిరాయిలు ఒప్పుకోవడం లేదు. రాయపూర్ దారిలో ఏదైనా అయితే ఎవరు చూస్తారంటాడు. ‘ఏటీ కాదురా, నాను మొక్కుకున్నాను’ అంటే ‘నీకేటి తెలుసు’ అని కసురుతాడు. మా ఆయన లేరు. వాడు నిద్రపోయాక నేనూ వెళ్లి మెడ తడిమి చూస్తున్నాను. ఓ రాత్రి మెలకువ వచ్చి చూశాడు. అప్పటి నుంచి మేడ మీద పడుకుంటున్నాడు. వాడికి ధైర్యం ఎలా చెప్పాలి?
- ఒక తల్లి, సాలూరు

జవాబు: కొన్నాళ్లు ధైర్యం చెప్పడం ఆపండమ్మా. ‘ఏటీ కాదు’ అన్న మాట మీ నోట్లోంచి వస్తున్నది ప్రేమతోనే, సందేహం లేదు. కానీ అది విన్నాక వాడికి మాట్లాడటానికి ఏం మిగిలింది? జబ్బు తిరగబెట్టే అవకాశం కొంత ఉందని డాక్టరు వాడి ముందే చెప్పి ఉంటారు. అందుకేగా చెకప్‌లకు రమ్మంటున్నది. అది తెలిసిన మనిషికి ఏమీ కాదని హామీ ఇస్తే, అమ్మకు సంగతి తెలియదు, లేదా వినే ఓపిక లేదు అనిపిస్తుంది. ‘నీకేటి తెలుసు’ అన్న కసురుకు అర్థం అదే. ఈసారి వాడు మెడ తడుముకుంటూ కనిపిస్తే ‘భయంగా ఉందేట్రా?’ అని అడగండి. తర్వాత మీరు మాట్లాడకండి. వాడు ‘అవును’ అని ఊరుకున్నా, ఆ రోజుకు అది చాలు.

వైద్యం అయిపోయాక భయపడటం పిరికితనం అనుకునేవాళ్లు మన చుట్టుపక్కల చాలామంది. కీమో జరిగేటప్పుడు రోజూ ఏదో ఒక పని ఉంటుంది. ఇంజెక్షను, రక్తపరీక్ష, వాంతులు, మళ్లీ ప్రయాణం. భయపడటానికి తీరిక ఉండదు. అన్నీ ఆగిపోయి ఇంటికొచ్చాకే అది తీరిగ్గా వచ్చి కూర్చుంటుంది. ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే అమెరికన్ డాక్టరుకు 32 ఏళ్ల వయసులో ఛాతీలో క్యాన్సర్ వచ్చింది. కోలుకున్నాక 1985లో ఆయన ఒక వ్యాసం రాశారు. క్యాన్సర్ తర్వాతి బతుకును మూడు రుతువులుగా విడదీశారు. చికిత్స ముగిసిన తర్వాత వచ్చే రెండో రుతువును ఏలేది తిరగబెడుతుందేమోనన్న భయమేనని ఒక డాక్టరే తన గురించి రాసుకున్నారు. ఆయన 2019 దాకా, 77 ఏళ్లు బతికారు. మీ వాడు ఉన్నది ఆ రెండో రుతువులో.

మీకు ఒక నిజం తెలిసి ఉండాలి. హాడ్జ్‌కిన్ లింఫోమా తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుంది. ఐదేళ్లు దాటాక అరుదు. అంటే మీ వాడు గడ్డుకాలంలో పెద్ద భాగం దాటేశాడు. ఒకవేళ తిరగబెట్టినా దారి మూసుకుపోదు. ఎక్కువ మోతాదు కీమో ఇచ్చి, రోగి సొంత మూలకణాలనే మళ్లీ ఎక్కించే చికిత్స ఉంది. దానితో కోలుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అయితే ఈ మాటలు మీ నోటితో చెబితే అమ్మ ఓదార్పు కింద పోతాయి. డాక్టరు నోటితో వాడే వినాలి. అందుకని చెకప్‌కు వెళ్లేముందు కాగితం మీద ప్రశ్నలు రాసుకోమనండి. నా విషయంలో తిరగబెట్టే అవకాశం ఎంత? ఏ లక్షణం వస్తే ఫోను చేయాలి? ఏది వస్తే ఆగి చూడొచ్చు? తర్వాతి చెకప్ ఎన్నాళ్లకు? గదిలో అడగాల్సింది వాడు. మీరు పక్కన కూర్చోవాలనుకుంటే కూర్చోండి, కానీ వాడికి బదులు మాట్లాడకండి. అసలు ఎవరు తోడు రావాలో కూడా వాడినే అడగండి. క్లీనర్‌ను తీసుకెళ్తానంటే నొచ్చుకోవద్దు. ఆ రోజు మీ మొహంలోని భయం కూడా మోయడం వాడికి కష్టంగా ఉందేమో.

ఇక రాత్రిపూట మెడ తడమడం. దీన్ని దాటేసి మిగతావన్నీ చెబితే లాభం లేదు. వాడు మేడెక్కడానికి కారణం అదే. వాడి భయం వాడికి ఉంది, మీ భయం కూడా వాడి మెడ మీదే తెచ్చి పెడుతున్నారు. ‘తప్పైపోయింది, ఇక చెయ్యను, నాకూ భయంగా ఉంది’ అని వాడితో ఒక్కసారి చెప్పండి. ఆ ఒక్కసారే. తర్వాత మీ భయం చెప్పుకోవడానికి వేరే మనిషిని చూసుకోండి. మీ అప్ప కావచ్చు, పక్కింటి ఆవిడ కావచ్చు, అదే ఆస్పత్రిలో పరిచయమైన మరో తల్లి కావచ్చు. భర్త లేని ఇంట్లో కొడుకే అన్నీ అయిపోవడం సహజం. కానీ ఈ ఒక్క బరువు మాత్రం వాడి మీద పెట్టకండి.

మొక్కు సంగతీ అంతే. మొక్కుకోండి, తీర్చుకోండి, తప్పులేదు. ‘నీ కోసమే ఉపవాసాలు ఉంటున్నాను’ అని మాత్రం వాడికి చెప్పకండి. అది వినేవాడికి అప్పులా ఉంటుంది.

తడుముకోవడం పూర్తిగా మానమంటే మానలేడు. ఎలా చూసుకోవాలో డాక్టరునే చూపించమని, నెలకోసారి చూసుకుంటే సరిపోతుందా అని అడగమనండి. రోజూ పదిసార్లు నొక్కితే మామూలు చోటైనా నొప్పెడుతుంది, ఆ నొప్పి మళ్లీ భయం పుట్టిస్తుంది. గొంతునొప్పికీ, పిప్పిపన్నుకీ మెడలో బిళ్లలు కడతాయి. అవి సాధారణంగా ముట్టుకుంటే నొప్పిగా, మెత్తగా ఉండి రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. తగ్గకుండా ఉన్న బిళ్ల, పెరుగుతున్న బిళ్ల, కారణం తెలియని జ్వరం, బట్టలు తడిసిపోయేలా రాత్రి చెమట, ఆరు నెలల్లో ఒంటి బరువులో పదో వంతు తగ్గిపోవడం, ఒళ్లంతా తగ్గని దురద, ఆయాసం: వీటిలో ఏది కనిపించినా చెకప్ తేదీ కోసం ఆగకుండా వెళ్లాలి. మే నెలలో కరెంటు పోయిన రాత్రి సాలూరులో ఎవరికైనా చెమట పడుతుంది, దాన్ని లెక్కలో వేయొద్దు. పక్కవాళ్లు హాయిగా పడుకున్న రాత్రి వీడికొక్కడికే పక్క తడిసిపోతే అది లెక్క. ఈ నాలుగు ముక్కలూ డాక్టరుతో సరిచూసుకుని కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఫోనులో వెతుకులాట కంటే ఆ కాగితం నయం.

ఘాట్ విషయంలో ఒక మాట వాడికి చేరవేయండి. లింఫోమా తిరగబెట్టడమంటే సుంకి ఘాట్ మలుపులో ఉన్నట్టుండి పడిపోవడం కాదు. అది వారాల తరబడి, నెమ్మదిగా బయటపడే జబ్బు. రాయపూర్ వెళ్లి లోడు దింపి తిరిగొచ్చేలోపు ముంచుకొచ్చేది కాదు. పైగా ఘాట్ అవతల కొరాపుట్‌లో 2017 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, మనిషి అడవిలో ఒంటరిగా మిగిలిపోడు. అయినా రాయపూర్ కిరాయి ఒప్పుకోమని మీరు పట్టుబట్టకండి. ముందు కొరాపుట్ దాకా ఒక లోడు, ఆ తర్వాత జయపురం దాకా. ఎప్పుడన్నది వాడి ఇష్టం. లారీ తీసి మళ్లీ రోడ్డెక్కడం వాడికి ఏ మాటా ఇవ్వలేని ధైర్యం ఇస్తుంది. సాలూరులో లారీల మధ్య బతికే మీకు ఇది నేను చెప్పాలా?

ఇంత చేసినా భయం తగ్గకుండా వారాల తరబడి నిద్ర లేకపోయినా, తాగుడు మొదలైనా, చెకప్‌లు ఎగ్గొడుతున్నా, చచ్చిపోవాలన్న మాట వచ్చినా అది ఇంట్లో సర్దుకునేది కాదు. చికిత్స చేసిన ఆస్పత్రిలోనే మానసిక వైద్యుల సలహా ఇప్పించమని అడగండి. ఈ భయానికి ప్రత్యేకంగా కౌన్సెలింగ్ పద్ధతులు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 222 మందిపై చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో పది వారాల్లో ఐదు విడతలుగా ఇచ్చిన కౌన్సెలింగ్, ఒంటిని సడలించే వ్యాయామాల కంటే ఎక్కువగా భయాన్ని తగ్గించింది. వాళ్లు నేర్పింది భయాన్ని చంపడం కాదు. ఆలోచన వస్తే దాని వెంట పరుగెత్తకుండా ఉండటం, నిజమైన లక్షణాలేవో తెలుసుకోవడం, తనకు ముఖ్యమైన పనిలోకి తిరిగి వెళ్లడం. విశాఖ దాకా వెళ్లలేకపోతే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు మీకు కూడా.

ప్రశ్న: రిటైరైన ఉపాధ్యాయుణ్ని. మా అమ్మాయికి 36 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మూడేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు రోజుకో మాత్ర వాడుతోంది. ఆరు నెలలకోసారి పెట్ స్కాన్, మార్కర్ పరీక్షలు చేయిద్దాం, డబ్బు నేను పెట్టుకుంటానంటే డాక్టరు అక్కర్లేదంటున్నారు. అమ్మాయేమో రోజూ భయపడుతూనే ఉంది. ఇది నిర్లక్ష్యం కాదా?
- ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: కాదు మాస్టారూ. డాక్టరు చెప్పిందే సరైన పద్ధతి. లక్షణాలేవీ లేనప్పుడు వరసగా స్కాన్లు తీస్తే జబ్బు ముందే దొరికి ప్రాణం నిలుస్తుందని అనిపించడం సహజం. ఇటలీలో రెండు పెద్ద అధ్యయనాలు, ఒక్కోదానిలో 1200 మందికి పైగా మహిళలతో, ఇదే ప్రశ్న వేసుకున్నాయి. ఫలితాలు 1994లో వచ్చాయి. తరచూ ఎక్స్‌రేలు, ఎముకల స్కాన్లు చేయించుకున్నవాళ్లు, మామూలు చెకప్‌లతో సరిపెట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువ కాలమేమీ బతకలేదు. స్కాన్‌లో కనిపించే ప్రతి మచ్చా జబ్బు కాదు. కానీ ఆ మచ్చ ఏమిటో తేలేదాకా మీ అమ్మాయికి నిద్ర ఉండదు, మీకూ ఉండదు. ఒక స్కాన్ బాగుందని వచ్చిన నెమ్మది కొన్ని వారాలుంటుంది, తర్వాత మళ్లీ ఇంకో స్కాన్ కావాలనిపిస్తుంది.

ఆమెకు కావాల్సింది డాక్టరు చేతి పరీక్ష (మొదటి మూడేళ్లూ మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఇంకాస్త ఎడంగా), ఏడాదికోసారి మామోగ్రామ్, రోజూ ఆ మాత్ర. తగ్గని ఎముకల నొప్పి, ఆయాసం, కొత్త గడ్డ, వదలని తలనొప్పి వస్తే అప్పుడు స్కాన్. ఆ మాత్రల వల్ల ఒళ్లు వేడెక్కడం, నిద్ర చెడటం, మనసు బాగోలేకపోవడం ఉంటాయి. రోజూ ఉన్న భయంలో వాటి పాలెంతో డాక్టరును అడగమనండి. తనంతట తాను మాత్ర ఆపకూడదు.

మీ ఉత్తరంలో ఇంకో మాట రాశారు, ఫోను చేసినప్పుడల్లా ‘మాత్ర వేసుకున్నావా’ అనే మొదలుపెడతానని. వారంలో ఒక రోజు ఆరోగ్యం గురించి అడగండి. మిగతా ఆరు రోజులు మనవడి చదువు, ఆఫీసు గొడవలు, బొబ్బిలిలో వానలు. జబ్బు వచ్చిన నాటి నుంచి ఆమెను అందరూ పేషెంటుగానే పలకరిస్తున్నారు, కనీసం తండ్రి కూతురుగా పలకరించాలి. శ్రీకాకుళంలో పుట్టిన నటి గౌతమికి కూడా దాదాపు ఈ వయసులోనే, 35వ ఏట, రొమ్ము క్యాన్సర్ వచ్చింది. కోలుకుని మళ్లీ తెర మీదకు వచ్చారు, క్యాన్సర్ బాధితుల కోసం లైఫ్ ఎగైన్ ఫౌండేషన్ స్థాపించారు. అయితే ఆవిడను చూసి నేర్చుకో అని మీ అమ్మాయికి చెప్పొద్దు. తనే ఎప్పుడైనా ఆ మాట ఎత్తితే వినండి. స్కాన్‌కు పెడతానన్న డబ్బుతో రైలు టికెట్ కొనుక్కుని వెళ్లి ఓ నెల వాళ్లింట్లో ఉండండి. పిల్లాణ్ని బడికి దింపి రండి.

ప్రశ్న: మా పెద్దబ్బాయికి పేగు క్యాన్సర్ తగ్గింది. మళ్లీ రాకూడదని లక్ష్మణఫలం ఆకుల కషాయం రోజూ తాగిస్తున్నాను. వాడు ఒక్కోసారి వద్దంటున్నాడు. మాన్పించాలా, కొనసాగించాలా?
- పార్వతీపురం

జవాబు: మాన్పించండి. లక్ష్మణఫలం క్యాన్సర్‌ను ఆపుతుందని మనుషుల మీద రుజువు కాలేదు. అందులో అనోనాసిన్ అనే పదార్థం ఉంది, అది నరాలకు విషం. కరేబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ జాతి పళ్లు, ఆకుల కషాయం ఎక్కువగా వాడేవాళ్లలో పార్కిన్సన్స్‌ను పోలిన జబ్బు కనిపించిందని 1999లోనే వైద్యులు రాశారు. ఎప్పుడైనా ఒక పండు తింటే భయం లేదు, రోజూ కషాయం మాత్రం వద్దు. ఇన్నాళ్లు తాగిన సంగతి ఈసారి చెకప్‌లో దాచకుండా డాక్టరుకు చెప్పండి. మీ అబ్బాయి వయసు రాయలేదు కానీ, వద్దంటున్నది పెద్దవాడేననుకుంటాను. ఒళ్లు వాడిది, వాడి మాట వినండి.