హిజ్లీ భవనం: చెరసాల నుండి విద్యాలయానికి

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఖరిదా ఒక పేట. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పనికై తరలివెళ్ళిన తెలుగువారి సంతతి ఆ పట్టణంలో తరతరాలుగా స్థిరపడి ఉన్నది. ఖరిదాకు కొద్ది కిలోమీటర్ల దూరాన, హిజ్లీలో, ఎత్తైన బురుజు గల పాత భవనం ఒకటి నిలిచి ఉన్నది.

బ్రిటిష్ ప్రభుత్వం మేదినీపూర్ జిల్లాను విభజించ సంకల్పించి, కొత్త జిల్లా కార్యాలయాలకై దీనిని కట్టించింది. నాడు తలపెట్టిన ఆ విభజన జరుగలేదు. భవనం మాత్రం మిగిలింది. నడుమ బురుజు, దానికి ఇరుప్రక్కలా బారులు తీరిన గదులు. అధికారం దూరానికే కనిపించాలన్న దృష్టి ఈ నిర్మాణంలో స్పష్టమే. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1890లో నెలకొల్పిన టౌన్ హాలు పౌరులు కూడి చర్చించుకొనడానికి వెలసినది. హిజ్లీ భవనంలోనికి ప్రజలు అడుగుపెట్టినది ఖైదీలుగా.

1930లో శాసనోల్లంఘన ఉద్యమం సాగుతుండగా చెరసాలలు చాలక, ప్రభుత్వం దీనిని నిర్బంధ శిబిరంగా మార్చింది. 1931 సెప్టెంబరు 16న పోలీసులు నిరాయుధులైన నిర్బంధితులపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా నేలకొరిగారు. వారి భౌతికకాయాలను తీసుకొనిపోవడానికి సుభాష్ చంద్ర బోస్ స్వయంగా హిజ్లీ వచ్చారు. కలకత్తా మైదానంలో జరిగిన నిరసన సభలో రవీంద్రనాథ్ ఠాగూరు ప్రసంగించారు. 1942లో శిబిరం శాశ్వతంగా మూతపడింది.

స్వాతంత్ర్యానంతరం దేశంలోని మొట్టమొదటి ఐఐటి 1951లో ఈ గోడల నడుమనే ప్రారంభమైంది. తరువాత స్విస్ వాస్తుశిల్పి వెర్నర్ మోజర్ రూపొందించిన ప్రధాన భవనం సిద్ధమైనది. ఇక పాత కట్టడం అక్కర తీరినదై పాడుపడవచ్చును. బెంగాల్ వానలలో ఖాళీగా విడిచిన ఇటుక కట్టడానికి ఆయుష్షు తక్కువ: కప్పు కారుతుంది, పగుళ్ళలో రావి మొలకెత్తుతుంది, దాని వేరు గోడను చీలుస్తుంది. వాడుకలో ఉన్న కట్టడానికే ఏటేటా మరమ్మతు జరుగుతుంది. అయితే వాడుకలోనూ ఒక ప్రమాదం లేకపోలేదు. ప్రయోగశాలకై ఒక గోడను తొలగిస్తే, ఆ గోడతో పాటు ఒక సాక్ష్యమూ తొలగిపోతుంది.

హిజ్లీలో ఈ రెండింటికీ నడుమ దారి దొరికింది. భవనానికి హిజ్లీ షహీద్ భవన్ అని పేరుపెట్టారు. 1990లో అందులో నెహ్రూ విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాల ఏర్పడింది. యంత్రాల నమూనాలు చూడవచ్చిన విద్యార్థి, అక్కడే మరొక గదిలో, నిర్బంధ శిబిరానికి సంబంధించిన పత్రాలనూ చూడగలడు.