గదికొక కథ, కథకొక నేత

ఇల్లు గాని హోటలు గాని అలంకరించువారు ఈనాడు "మంచి పరదా బట్ట ఉన్నదా?" అని మాత్రమే అడుగుట లేదు. "మా ఇంటి కథ తెలుపు బట్ట నేయగలరా?" అని అడుగుచున్నారు. ఈ మాట విని మన సోదరులు కొందరు నవ్వుకొనవచ్చును. కాని కేవలము గజము లెక్కన అమ్ముడుపోవు బట్టకు మర మగ్గముతో పోటీ తప్పదు. ఒకరి కోసము ఆలోచించి నేసిన బట్టకు ఆ పోటీ తక్కువ. కావున కథను మగ్గము మీదికి ఎట్లు తేవలెనో ఈ పాఠములో తెలుపుచున్నాము.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. శ్రీకాళహస్తి కలంకారీ తెరలను చూడుడు. నడుమ పెద్ద ఘట్టము, చుట్టును వరుసలుగా చిన్న ఘట్టములు, వాటిని వివరించు తెలుగు అక్షరములు. ఆ తెర కట్టినచోట గోడయే పురాణము చెప్పును. ఇంగ్లండులో విలియం మారిస్ అను శిల్పి తన కెల్మ్‌స్కాట్ ఇంటి తోటలో పిట్టలు స్ట్రాబెర్రీ పండ్లను దొంగిలించుట చూచి, ఆ దొంగ పిట్టలనే 1883లో అద్దకపు బట్ట మీదికి ఎక్కించెను. బట్టనంతను నీలిమందులో ముంచి, బొమ్మ ఉన్నచోట నీలిని తొలగించి, తక్కిన రంగులను అచ్చులతో అద్దించెను. తన పెరటిలోని చిన్న సంగతి అది. నేటికిని ఆ బట్ట ఇండ్లలో పరదాలుగా వ్రేలాడుచున్నది.

ఇక మన పని. యానాములో గౌతమీ గోదావరి ఒడ్డున ఒక చిన్న హోటలువారు పరదాలు అడిగిరనుకొందము. మొదట మనము అడుగవలసినవి నాలుగు: ఆ గదిలో ఉండువారెవరు? కిటికీనుండి కనబడునదేమి? ఎండ ఏ వేళ పడును? బట్టను ఎన్నాళ్ళకొకసారి ఉతికెదరు? మొదటి రెండును కథను ఇచ్చును, తక్కిన రెండును నూలును, రంగును నిర్ణయించును. ఇచ్చట నది ఉన్నది, పడవ ఉన్నది, 1954 వరకు సాగిన ఫ్రెంచి ఏలుబడి జ్ఞాపకము ఉన్నది. అన్నిటిని కలిపి నేసినచో సంత వలె ఉండును. పడవ నొక్కటే తీసికొందము.

ఇప్పుడు జకార్డు లెక్క. 240 హుక్కుల జకార్డు, ఇంచికి 40 పడుగు పోగులు అనినచో, వరుస కట్టులో బొమ్మ వెడల్పు 6 ఇంచీలు. 48 ఇంచీల బట్టలో ఎనిమిది పడవలు వచ్చును. అన్నియు ఒకే వైపు సాగును. నడుమనుండి ఇరువైపులకు అద్దమువలె కట్టినచో వెడల్పు సుమారు 12 ఇంచీలగును గాని, పడవలు ఎదురెదురుగా నిలుచును. రెండు నెమళ్ళకు ఇది అందము. హోటలు పేరు నేయుమన్నచో మాత్రము ఈ కట్టు పనికిరాదు. ఒక సగములో అక్షరములు తిరగబడును. ఎత్తు విషయమున, ఇంచికి 36 పేక పోగులైనచో 6 ఇంచీల బొమ్మకు 216 అట్టలు కావలెను. అట్టల ఖర్చును ముందే బేరములో చెప్పవలెను. ఇరువది గజముల పనికి ఆ ఖర్చు మన మీద పడినచో కూలి మిగులదు.

పరదాకు కిటికీ వెడల్పునకు సుమారు రెట్టింపు బట్ట పట్టును. మడతలలో పెద్ద బొమ్మ దాగిపోవును. కావున పరదాకు చిన్న బొమ్మ, లేదా అడుగున అంచు చాలును. పెద్ద ఘట్టమును గోడకు చదునుగా కట్టు బట్టకు ఉంచవలెను. దినదినము ఉతుకు దుప్పటిపై కథ వలదు. అది తెల్లగా ఉండనిండు. పడక కాళ్ళవైపు పరచు పట్టీ మీద పడవ ఉన్న చాలును. గదిలో ఒక బట్ట మాటాడవలెను, తక్కినవి వినవలెను. పడమటి కిటికీకి ఎండకు నిలుచు వాట్ రంగులే వాడవలెను. పసుపు కొమ్ము రంగు ఎండకు త్వరగా వెలిసిపోవును.

షోలాపూరులో స్థిరపడిన మన తెలుగు నేతగాండ్రు జకార్డు చద్దరుతో ఆ ఊరి పేరును దేశమంతట నిలిపిరి. చద్దరు అమ్మునది వెచ్చదనము మాత్రమే కాదు. ఊరి పేరును కూడ. అట్లే మనమును ప్రతి బట్టతో ఒక చిన్న చీటీ కట్టి, నేసినవారి పేరు, ఊరు, బొమ్మ కథ వ్రాయుట మేలు. కాని నిన్న గీచిన బొమ్మకు రాజులనాటిదని పేరు పెట్టరాదు. ఒకనాడు అబద్ధము బయటపడినచో, మన నిజమైన పాత బొమ్మలకును విలువ పోవును.

అభ్యాసము: మీ ఊరిలో తెలిసిన ఒక ఇంటికి పోయి పై నాలుగు ప్రశ్నలు అడుగుడు. విన్నదానిలో ఒక్క వస్తువును ఎంచి, 240 గడుల వెడల్పులో గ్రాఫు కాగితముపై వేయుడు. అట్టలెన్నో లెక్కకట్టి, ధర వ్రాసి, ఆ ఇంటివారికి చూపుడు. వారు "ఇది మాదే" అనినచో మీ పాఠము పూర్తియైనట్లే.