లెక్కల పుస్తకములకు లంకె

గ్రామ పంచాయతీ స్వంత ఆదాయములలో ఇంటిపన్ను ముఖ్యమైనది. ఏ ఇంటినుండి ఎంత రావలెనో డిమాండు రిజిస్టరు చెప్పును. ఎంత వచ్చినదో వసూలు రిజిస్టరు చెప్పును. ఈ రెండును పొసగినప్పుడే బాకీ నిజముగా తేలును. పొసగనిచో, పన్ను చెల్లించిన పేదవాని ఇంటికే మరల నోటీసు పోవును. అట్లు జరిగిన పిమ్మట పంచాయతీ మాటను గ్రామము నమ్మదు.

ఈ లెక్కలను కంప్యూటరుపై ఎక్సెల్ వర్క్‌బుక్కులలో కూడ వ్రాసికొనుట నేడు వాడుకలో ఉన్నది. ఒక వర్క్‌బుక్కులోని అంకెను వేరొక దానిలో మరల చేతితో ఎక్కించుట తప్పులకు మూలము. అంకెను ఒకే చోట వ్రాసి, కావలసిన చోటికి లంకె ద్వారా తెచ్చుకొనవలెను.

లంకె వేయు విధము

రెండు వర్క్‌బుక్కులను తెరచి, బాకీ పట్టికలోని గడిలో సమాన చిహ్నము ఉంచి, వసూలు వర్క్‌బుక్కులోని గడిని నొక్కి, ఎంటర్ కొట్టవలెను. ఇది మొత్తములకు చాలును. ఇంటింటి లెక్కకు మాత్రము ఇంటి నంబరును బట్టి వెదకు 'వి-లుకప్' సూత్రము కావలెను. పేరును ఆధారము చేసికొనరాదు. ఒకే పేరు గలవారు ఊరిలో పలువురుందురు. సూత్రము చివర 'ఫాల్స్' అని వ్రాసిననే సరిగా ఆ నంబరునే వెదకును.

మూడు జాగ్రత్తలు

1. 4-7 వంటి ఇంటి నంబరును ఎక్సెల్ తేదీగా మార్చివేయును. కావున ఆ నిలువు వరుసను ముందుగనే 'టెక్స్ట్'గా నిర్ణయింపవలెను.

2. ఒక ఇంటి పన్ను రూ. 1,200 అనుకొందము. యజమాని రూ. 500 ఒకసారి, రూ. 400 మరియొకసారి చెల్లించెను. వి-లుకప్ మొదటి రసీదునే చూచును, రూ. 300 బదులు రూ. 700 బాకీ చూపును. అందుచే వసూలు వర్క్‌బుక్కులోనే 'సమ్-ఇఫ్' సూత్రముతో ఇంటివారీ మొత్తము వేసి, ఆ మొత్తమునకు లంకె వేయవలెను.

3. వర్క్‌బుక్కులన్నియు ఒకే ఫోల్డరులో ఉండవలెను. పేరు మార్చినను, చోటు మార్చినను లంకె తెగవచ్చును. మండల కార్యాలయమునకు పంపు ప్రతిలో సూత్రములు తీసి అంకెలు మాత్రమే ఉంచవలెను.

సరిచూచుట సభ్యుల విధి

పెద్ద దేశములకును ఇట్టి పొరపాట్లు తప్పలేదు. 2020 సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు ఇంగ్లండులో 15,841 కోవిడ్ కేసులు దినసరి లెక్కలో చేరలేదు. ప్రయోగశాలల ఫలితములను చేర్చిన పాతరకపు ఎక్సెల్ పత్రములో 65,536 వరుసలకు మించి పట్టకపోవుటయే కారణమని వార్తలు వెలువడినవి. వచ్చినవెన్ని, చేరినవెన్ని అని నాడే పోల్చి చూచినచో లోపము వెంటనే బయటపడియుండెడిది.

కావున ప్రతి నెల సమావేశమున సభ్యులు రెండు ప్రశ్నలు అడుగవలెను: డిమాండులో వసూలు తీసివేయగా బాకీ సరిపోయినదా? వసూలు మొత్తము నగదు పుస్తకముతోను, బ్యాంకు పాస్‌బుక్కుతోను కలిసినదా? ఈ పట్టికలు సాయము మాత్రమే. చట్టము కోరిన రిజిస్టర్లకును, 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్‌లోని పద్దులకును బదులు కావు.

నల్లకుంట, తార్నాకలలో గదులు తీసికొని ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొను పల్లె యువతీయువకులకు ఈ విద్య కొత్త కాదు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వారి సాయము కోరుదము. లెక్క కుదిరిన ఊరిలో పన్ను అడుగుటకు సంకోచముండదు, ఇచ్చుటకు అనుమానముండదు.