ఆకాశవీథిలో స్నేహము

నేడు టిక్కెట్టు కొని విమానమెక్కినవాడు భారతదేశమునుండి లండను నగరమునకు ఒక్క దినములోపలనే చేరుచున్నాడు. అతనికి త్రోవ తెలియనక్కరలేదు. గాలి యే దిక్కునుండి వీచుచున్నదో విచారింపనక్కరలేదు. కాని 1930 ప్రాంతమున ఆ ప్రయాణము గొప్ప సాహసకార్యముగా నుండెను. ఆ దినములలో జీతమునకుగాక కేవలము ఉత్సాహముచేత విమానము నడప నేర్చిన కొందరు భారతీయ యువకులుండిరి. వారి ప్రయాణములను గూర్చియు, ఆ ప్రయాణములలో వారికి గలిగిన స్నేహములను గూర్చియు ఈ పాఠమున దెలిసికొందము.

1928వ సంవత్సరమున బొంబాయి, ఢిల్లీ మొదలగు పట్టణములలో విమానచోదనము నేర్పు క్లబ్బులు వెలసెను. బొంబాయి క్లబ్బులో జేరి నేర్చుకొన్న జె. ఆర్. డి. టాటా 1929 ఫిబ్రవరి 10వ తేదీన లైసెన్సు పొందెను. మన దేశమున జారీయైన లైసెన్సులలో దాని సంఖ్య ఒకటి. ఆస్పీ ఇంజనీరు అను మరియొక పార్సీ బాలుడును చిన్నవయసుననే ఈ విద్య నభ్యసించెను. రావల్పిండి వాసియైన మన్‌మోహన్ సింగు వీరికి సమకాలికుడు.

వీరు నడపిన విమానము పేరు ‘జిప్సీ మాత్’. అది రెండు వరుసల రెక్కలు, ఒకే యంత్రము గల చిన్న విమానము. చోదకుని తలపై కప్పు లేదు. ఎండయు, వానయు, ఇసుకగాలియు నేరుగా ముఖమునకే తగులును. నేలపైనున్నవారితో మాటలాడుటకు రేడియో లేదు. ఒడిలో పటము, ఎదుట దిక్సూచి, క్రింద కనబడు నదులు, రైలుదారులు, సముద్రతీరములు – ఇవియే దారి చూపునట్టివి. కొన్నివందల మైళ్ళకొకసారి దిగి పెట్రోలు నింపుకొనవలెను. యంత్రము చెడినచో చోదకుడే దానిని బాగుచేసికొనవలెను.

అట్టి కాలమున ఆగాఖాను ఒక బహుమానమును ప్రకటించెను. ఇంగ్లండు, భారతదేశముల నడుమ ఏ వైపునుండియైనను బయలుదేరి, ఒంటరిగా విమానము నడపుకొనుచు, నియమిత కాలములోపల గమ్యము చేరిన మొదటి భారతీయునకు 500 పౌనులు లభించును. ముగ్గురు యువకులును ఆ పందెమున బాల్గొనిరి.

ఆస్పీ అంతకు మునుపే, 1930 మార్చి నెలలో, ఆర్. ఎన్. చావ్లా అను మిత్రునితో గలసి కరాచీనుండి ఇంగ్లండునకు విమానమున వెళ్ళియుండెను. ఇద్దరు కలసి చేసిన ప్రయాణమగుటచే అది పందెమునకు లెక్కకు రాలేదు. అందుచేత అతడు ఇంగ్లండునుండి ఒంటరిగా స్వదేశమునకు బయలుదేరెను. అప్పటికతనికి పదునేడేండ్లు. టాటాకు ఇరువదియైదేండ్లు. అతడు కరాచీనుండి లండను దిక్కునకు ప్రయాణమయ్యెను. ఈ విధముగా పందెగాండ్రిద్దరును ఒకే త్రోవపై ఎదురెదురుగా వచ్చుచుండిరి.

ఈజిప్టు దేశమున అలెగ్జాండ్రియా నగరమునకు సమీపమున అబూకిర్ అను విమానస్థలము గలదు. టాటా అచ్చట దిగునప్పటికి ఆస్పీ విమానము కదలక నిలిచియుండెను. అతనికి స్పార్కు ప్లగ్గులు కావలసియుండెను. ఇది చేతిలో నిముడునంతటి చిన్న వస్తువు. యంత్రములోని పెట్రోలు ఆవిరిని మండించుటకు వలయు నిప్పురవ్వను పుట్టించునది ఇదియే. నిప్పురవ్వ లేనిదే యంత్రము తిరుగదు. యంత్రము తిరుగనిదే విమానము లేవదు. ఆస్పీయొద్ద మార్చుకొనుటకు వేరు ప్లగ్గులు లేవు. అవి వచ్చువరకు అతడు వేచియుండక తప్పదు.

టాటాయొద్ద అదనపు ప్లగ్గులు గలవు. విద్యార్థులారా! ఇచ్చట ఒక్క క్షణము ఆగి యోచింపుడు. ఎదుటివానికి సాయపడవలెనని పందెపు నియమములలో ఎచ్చటను లేదు. టాటా తన త్రోవను తాను పోయినచో అతనిని నిందించువారును లేరు. తానిచ్చు ప్లగ్గు తన ప్రత్యర్థిని గెలిపింపగలదని అతడెరుగును. మార్గమధ్యమున తన యంత్రమే చెడినచో ఆ ప్లగ్గు తనకే అవసరము గావచ్చును. అయినను అతడు తనయొద్దనున్న వానిలోనుండి తీసి ఆస్పీకి ఇచ్చెను. ఇద్దరును ఒకరికొకరు శుభము గోరుకొని, ఒకరు తూర్పునకు, ఒకరు పడమరకు సాగిపోయిరి.

టాటా లండను చేరకమునుపే ఆస్పీ కరాచీలో దిగెను. బహుమానము ఆస్పీని వరించెను. టాటా నిరుత్సాహపడక తన ప్రయాణమును లండను వరకు పూర్తిచేసెను. మన్‌మోహన్ సింగు తన విమానమునకు ‘మిస్ ఇండియా’ అని పేరిడి, ఆటంకములకు వెనుదీయక మరల మరల ప్రయత్నించి స్వదేశము చేరెను. కాని కాలపరిమితి దాటుటచే అతనికి బహుమానము దక్కలేదు.

గెలుపోటములు ఆ నెలతో ముగిసెను. వారి సాహసము ముగియలేదు. ఆస్పీ వైమానిక దళమున జేరి, క్రమముగా ఉన్నతి నొంది, 1960 మొదలు 1964 వరకు భారత వైమానిక దళమునకు అధిపతిగా నుండెను. మన్‌మోహన్ సింగు రెండవ ప్రపంచయుద్ధమున వైమానికుడుగా పనిచేయుచు, 1942వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని బ్రూమ్ రేవుపై జపానువారు చేసిన దాడిలో వీరమరణము నొందెను.

టాటాకు విమానవిద్యవలన మరియొక మిత్రుడు లభించెను. అతడు నెవిల్ విన్సెంటు అను వైమానికుడు. ఇరువురును గలసి విమానములపై తపాలా నడుపు సంస్థను నెలకొల్పిరి. 1932 అక్టోబరు 15వ తేదీన టాటా తానే విమానము నడపి కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా తెచ్చెను. అచ్చటినుండి విన్సెంటు దానిని బళ్ళారి మీదుగా మద్రాసునకు చేర్చెను. ఆ చిన్న సంస్థయే 1946లో ఎయిర్ ఇండియాగా రూపొందెను. ఏబదియేండ్ల పిమ్మట, 1982లో, డెబ్బదియెనిమిదేండ్ల వయసున టాటా మరల ఒంటరిగా చిన్న విమానమును నడపి కరాచీనుండి బొంబాయి చేరి, నాటి ప్రయాణమును జ్ఞప్తికి దెచ్చెను.

ఓడిన పందెములను సామాన్యముగా లోకము మరచును. కాని టాటా ఓడిన ఈ పందెమును జనులు నేటికిని చెప్పుకొనుచున్నారు. ప్రత్యర్థి యంత్రము చెడుటవలన గలుగు గెలుపు అతనికి రుచింపలేదు. ఆస్పీ కదలగలిగిననే అది పందెమగునని అతడు తలచియుండును. ఆటస్థలమునగాని, పరీక్షయందుగాని, మీతో పోటీపడువాడు మీ శత్రువు గాడు; మీ వలెనే కష్టపడి అదే త్రోవను నడచువాడు. అతనికి కలము లేనప్పుడు మీ రెండవ కలమును ఇచ్చి, పిమ్మట అతనితో పోటీపడుడు. గెలిచినను ఓడినను మీకొక స్నేహితుడు మిగులును.

ప్రశ్నలు

1. జిప్సీ మాత్ విమానమున దూరప్రయాణము ఏల కష్టతరముగా నుండెను?
2. అబూకిర్ వద్ద జరిగిన సంఘటనను మీ సొంత మాటలలో వ్రాయుడు.
3. టాటా స్థానమున మీరుండినచో ఏమి చేసియుందురు? కారణములు తెలుపుడు.