చుక్కకు పేరు పెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు పసుపును ఎంచుకున్నావని తెలిసి సంతోషించాను. టీఎల్‌సీ (పలుచని పొర క్రొమటోగ్రఫీ) ప్లేటు మీద మూడు పసుపు చుక్కలు విడిపోయాయనీ, అన్నిటికంటే పైదాన్ని కర్‌క్యుమిన్ అని నోట్‌బుక్‌లో రాసేశాననీ అన్నావు. అక్కడ కాస్త ఆగు తల్లీ.

నువ్వు వాడిన ద్రావణిలో, ప్లేటు మీది సిలికా పొరపై పదార్థం ఎంత దూరం వెళ్లిందో ఆర్‌ఎఫ్ విలువ చెబుతుంది. అంతే దూరం వెళ్లేవి ఇంకా ఉండొచ్చు. అందుకే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో అణుభారం కూడా చూడాలి.

చుక్క చుట్టూ పెన్సిల్‌తో గుర్తు పెట్టు. టీఎల్‌సీ-ఎంఎస్ ఇంటర్‌ఫేస్ ఉంటే దాని తల చుక్క మీద దిగి అంచులు బిగిస్తుంది. లోపలికి వచ్చిన మిథనాల్ పదార్థాన్ని కరిగించుకుని, సిలికా పొడిని ఆపే ఫిల్టరు దాటి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు చేరుతుంది. ఆ పరికరం లేకపోతే చుక్కను గీకి, మిథనాల్‌లో కలిపి, వడగట్టి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఇవ్వు.

పాజిటివ్ మోడ్‌లో, ఒక ప్రోటాన్ అంటి, కర్‌క్యుమిన్ m/z 369 దగ్గర, డీమిథాక్సీకర్‌క్యుమిన్ 339 దగ్గర, బిస్‌డీమిథాక్సీకర్‌క్యుమిన్ 309 దగ్గర కనిపిస్తాయి. మిథాక్సీ సమూహం పోయి దాని చోట హైడ్రోజన్ ఉన్న ప్రతిసారీ 30 తగ్గుతుందన్నమాట. 391 కనిపిస్తే కంగారుపడకు. ప్రోటాన్‌కు బదులు సోడియం అంటిన కర్‌క్యుమినే అది. బజారు పసుపులో మెటానిల్ యెల్లో కల్తీని వెతికేటప్పుడు మాత్రం నెగటివ్ మోడ్‌కు మారు. అది సల్ఫోనిక్ ఆమ్లపు లవణం, దాని అయాన్ 352 దగ్గర వస్తుంది.

ఖాళీ చోటును కొలవడం ఎప్పుడూ మరవకు. నమూనా పెట్టని వరుసలో, చుక్క ఉన్న ఎత్తులోనే, అదే మిథనాల్‌తో కొలువు. సిలికాను పట్టి ఉంచే బైండరు, ప్లేటుకు అంటిన మలినాలు కూడా పీకులిస్తాయి. వాటిని తగ్గించడానికి ప్లేటును ముందే మిథనాల్‌తో కడిగి ఆరబెట్టు. ఆవిరి కాని ఫాస్ఫేట్ బఫర్లు వాడకు. రంగులేని పదార్థాలతో పనిచేసే రోజున, కంటికి కనిపించడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లిన చుక్కను పరికరానికి ఇవ్వకు. ఆమ్లం పదార్థాన్నే మార్చేస్తుంది.

మాస్ వచ్చింది కదా అని ప్లేటును చిన్నచూపు చూడకు. అణుభారం ఒకటే అయిన ఐసోమర్లను ఆ ఒక్క అంకెతో వేరు చేయలేం. ప్లేటు చాలాసార్లు వేరు చేస్తుంది.

పక్క వరుసలో నడిపిన ప్రామాణిక నమూనాతో ఆర్‌ఎఫ్ కలవాలి, అణుభారం కలవాలి, ఖాళీ చోటులో ఆ పీకు ఉండకూడదు. ఈ మూడూ కుదిరాకే పేరు రాయి. అందాకా నోట్‌బుక్‌లో ‘చుక్క 1’ అనే ఉంచు.

ఇట్లు,
మీ పెదనాన్న