చాటుగా వచ్చిన స్త్రీ

పాఠ్యభాగము: మార్కు 5:25–34

12 ఏండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ, సిగ్గుచేత ప్రభువు వెనుకగా వచ్చి ఆయన వస్త్రమును ముట్టెను. ప్రభువు ఆమెను స్వస్థపరచి ఊరకుండలేదు. ముందుకు రప్పించి, ఆమె సంగతి అంతయు వినెను.

మన జగ్గయ్యపేట, నందిగామ పల్లెలలోను అట్టి సిగ్గు కలదు. రొమ్ములో గడ్డ తగిలినను, "నొప్పి లేదు గదా, మిరపకోతలు కానిమ్ము" అందురు. రొమ్ము కేన్సరు గడ్డ మొదట తరచుగా నొప్పి పెట్టదు. అదియే అపాయము. చర్మము సొట్టపడుట, చనుమొన లోనికి పోవుట, దానినుండి రక్తము కారుట, చంకలో గడ్డ, ఇవియు గురుతులే. ప్రతి గడ్డయు కేన్సరు కాదు. పరీక్షించి చెప్పవలసినది వైద్యుడే.

ఇది శాపము కాదు, అంటువ్యాధియు కాదు. వయస్సు మీరినవారికిని, తల్లికో తోబుట్టువుకో వచ్చినవారికిని భయము హెచ్చు. అయినను ఇంట ఎవరికిని లేనివారికే ఎక్కువగా వచ్చుచున్నది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములో 30 ఏండ్లు దాటిన స్త్రీలకు ఈ పరీక్ష ఉచితము. తొలిదశలో తెలిసినచో అనేకులు కోలుకొందురు. రొమ్మంతయు తీయవలసిన అవసరము అందరికి రాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన నేటి ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేదల చికిత్సకు తోడ్పడును.

వైద్యము చేయించుకొనుట అవిశ్వాసము కాదు. భర్తలారా, ఆసుపత్రికి తోడు వెళ్లుడి. స్త్రీల సమాజమువారలారా, మందులవలన జుట్టు రాలిన సహోదరిని ఆరాధనలో మీ ప్రక్కనే కూర్చుండబెట్టుకొనుడి.

ఆలోచించుడి: మన సంఘములో ఒక స్త్రీ తన బాధను ఎవరితో నిర్భయముగా చెప్పుకొనగలదు?